భార్గవ పేరు మీద పాటకచ్చేరి

జమ్మలమడుగు,
23 జనవరి 2024

తమ్ముడు బాలకృష్ణయ్యకు,

నువ్వు పంపిన కరపత్రం చాంద్ బాషా తెచ్చిచ్చాడు. పాపం, నీ అంగట్లో నగలు చేస్తూ మా వీధిలో కాపురముండటం వల్ల మనిద్దరి తపాలా పని కూడా అతని నెత్తినే పడింది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నేను సగం మాట చెప్పేలోపు "సరేలే అక్కా, అంగట్లో జనముండారు" అని పెట్టేస్తావు. కాగితాన్ని అట్లా పెట్టేయలేవు.

కరపత్రం మీద నా కొడుకు ఫోటో వేశావు. భార్గవ జ్ఞాపకార్థం, అరుదైన జబ్బుల పరిశోధన కోసం, ప్రొద్దుటూరులో పాటకచ్చేరి. బాగుంది. కింద నీ అంగడి పేరు వాడి పేరుకంటే పెద్ద అక్షరాల్లో ఉంది. పక్కనే వడ్డాణం బొమ్మ. కండరాలు కరిగిపోయి పంతొమ్మిదేళ్లకు చచ్చిపోయిన పిల్లవాడికీ వడ్డాణానికీ ఏం సంబంధమో నాకు అర్థం కాలేదు.

పరిశోధన వద్దని నేననను. దానికి డబ్బు పెట్టాల్సింది ప్రభుత్వం. జబ్బుపడిన బిడ్డల తల్లులు సినిమా పాటల మధ్య చెయ్యి చాపాల్సిన గతి ఎందుకు పట్టిందని అడిగేవాడు మీ సభలో ఒక్కడైనా ఉంటాడా?

అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. భార్గవకు ఆ జబ్బు ఎట్లా వచ్చిందో నీకు తెలుసు. బి.ఇడి. చదివి కూడా నేను తలవంచి అమ్మ తమ్ముణ్నే చేసుకున్నాను. ఆయన మంచివాడు, అది వేరే సంగతి. ఒకే ఇంటి రక్తంలో దాగిన లోపం నాలో ఒకటి, ఆయనలో ఒకటి. రెండూ బిడ్డలో కలిశాయి. డాక్టరు బొమ్మ గీసి చూపించిన రోజు నువ్వూ పక్కనే కూర్చున్నావు. వేదిక మీద ఒక్క మాట చెప్పించు: దగ్గరి సంబంధం చేసుకునేవాళ్లు ముందు ఇద్దరి రక్తమూ పరీక్ష చేయించుకోండి అని. చెప్పిస్తే వాడి ఫోటో పెట్టుకో. చెప్పించలేకపోతే తీసెయ్.

పులివెందులలో చెల్లెలు నాగవేణికి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? నాకు ఎవరూ ఏదీ చెప్పరు.

అక్క శకుంతలమ్మ

*

ప్రొద్దుటూరు,
25 జనవరి 2024

అక్కకు నమస్కారాలు.

నీ మాదిరి రాసే చెయ్యి కాదు నాది. తూకం చీటీలు రాసే చెయ్యి. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది పంపొద్దు, పోయినసారి చాంద్ బాషా దారిపొడుగునా చదువుకుని నవ్వినాడంట.

అంగడి పేరు చిన్నది చేయిస్తా. వడ్డాణం తీయిస్తా. ప్రెస్సు వాడు తన పాటికి తాను వేసినాడు, నేను చూసుకోలేదు.

భార్గవను నేను మరిచిపోయినానని అనుకుంటాండావు. ఆ ఆస్పత్రిలో లిఫ్టు చెడిపోయిన రోజు వాణ్ని వీపున వేసుకుని మూడంతస్తులు ఎక్కినా. "మామా, నన్ను మోసేదానికి కూలి ఎంత" అని నా చెవిలో అడిగినాడు. వాడు పోయినాక నాకు నిద్ర లేదు. మందు కనిపెట్టే వాళ్లకు నాలుగు దుడ్లు చేరితే ఎప్పుడో ఒక రోజు ఎవరి బిడ్డకో పనికొస్తుందనుకున్నా. అంతకు మించి నా బుర్రకు తోచలేదు.

నువ్వు చెప్పమన్న మాట నేను చెప్పలేను. సభలో కూచునేవాళ్లలో సగం మంది మేనమామనో మేనబావనో చేసుకున్నోళ్లు. నేను మైకు పట్టుకుని ఆ మాటంటే రేపు నా అంగడి మెట్టు ఎవడూ ఎక్కడు. నువ్వొచ్చి చెప్పు. టీచరమ్మవు, నీకు భయం లేదు, నీ మాట ఇంటారు. అయిదు నిమిషాలు నీకని రాయించినా. నాలుగో పాట అయినాక, లక్కీ డ్రాకు ముందు.

నాగవేణి మోకాళ్లకు వేంపల్లెలో ఎవరో నూనె ఇస్తే పూస్తాండాది. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తలేదంట.

తమ్ముడు
బాలకృష్ణయ్య

*

జమ్మలమడుగు,
27 ఫిబ్రవరి 2024

తమ్ముడికి,

కచ్చేరికి రాలేదని చాంద్ బాషాతో నిష్ఠూరం పంపావు. ఎందుకు రావాలి? నా కొడుకు చావుకు నువ్వు కొలిచిపెట్టిన టైము అయిదు నిమిషాలు. అదీ లక్కీ డ్రాకు ముందు. ఫ్రిజ్ ఎవరికి తగులుతుందా అని చీటీలు పట్టుకుని కూర్చున్నవాళ్లకు రక్తసంబంధం గురించి చెప్పాలా నేను? నన్ను పిలవడం కాదది, నా నోరు మూయించే ఉపాయం.

జరిగిందంతా చాంద్ బాషా చెప్పాడు. ఓట్లు దగ్గర పడుతున్నాయి కాబట్టి ఒక నాయకుడు వచ్చాడట. "ఈ బిడ్డలు దేవుడు మనకు పెట్టిన పరీక్ష" అన్నాడట. రాజుపాలెం నుంచి, చెన్నూరు నుంచి ముగ్గురు పిల్లల్ని చక్రాల కుర్చీల్లో వేదిక ఎక్కించి, వాళ్ల మెడలో దండలేసి, పక్కన నిలబడి ఫోటోలు దిగారట. దండ బరువుకు ఒక పిల్ల తల వాలిపోతే ఎవరో గడ్డం పట్టుకుని పైకెత్తారట, ఫోటో కోసం. ఆ మాట చెప్పేటప్పుడు చాంద్ బాషా నా మొహం చూడలేదు. "నేనైతే బయటికొచ్చి బీడీ తాగినానమ్మా" అన్నాడు. మీ కచ్చేరిలో సిగ్గుపడినవాడు అతనొక్కడే అన్నమాట.

దేవుడు పెట్టాడట. మనం ముడేసిన పెళ్లిళ్లకు దేవుణ్ని సాక్షి సంతకం పెట్టమంటున్నారు.

ఇక మీదట మీరు డబ్బు పోగేసిన ఆ పరిశోధన సంస్థ ఫోటోలు, ధన్యవాదాలు, శాలువాలు ఏవీ నా గుమ్మం తొక్కకూడదు. నువ్వు కూడా తొక్కనక్కరలేదు.

శకుంతలమ్మ

*

ప్రొద్దుటూరు,
3 మార్చి 2024

అక్కకు,

తిట్టినావు, పడినా. ఒక్క సంగతి చెప్పి ఊరుకుంటా.

నువ్వు చెప్పిన ఆ తల వాలిన పిల్ల పేరు ఇరమ్. చెన్నూరు. వాళ్లమ్మ జానీబీ. కచ్చేరి అయిపోయి కుర్చీలు మడుస్తాంటే ఆమె నా దగ్గరకు వచ్చింది. "అప్పా, మందు ఎప్పుడిస్తారు?" అని అడిగింది. ఇప్పుడు కాదమ్మా, ఈ దుడ్లు పరిశోధనకు పోతాయి, వాళ్లు కనిపెట్టాల అన్నా. "కనిపెట్టేదానికి ఎన్ని దినాలు?" అంది. పదేళ్లో, ఇరవై ఏళ్లో అన్నా. బిడ్డ మెడలో దండ తీసి కుర్చీ మీద పెట్టి, బిడ్డను చంకనేసుకుని పోయింది. ఆటోకు దుడ్లిస్తానని ఎనకాల పోతే "వద్దులే అప్పా, మందుకని వచ్చినా, దీనికి కాదు" అంది. నువ్వు ఉత్తరంలో రాసిన తిట్లకంటే అదే ఎక్కువ తగిలింది. అందుకే నీ మీద కోపం లేదు.

ఆ సంస్థ డాక్టరమ్మ కూడా వచ్చినాది. భార్గవ ఇంటోళ్ల రక్తం దొరికితే పరిశోధనకు శానా పనికొస్తుందనింది. ఒక్క మాట మాట్లాడకుండా అందరం చెయ్యి చాపినాం. నేను, నా కొడుకు యశ్వంత్, పులివెందుల నుంచి నాగవేణి, దాని బిడ్డ మంజుశ్రీ. ఇంగ్లీషు కాగితాలు పెట్టి యాడ చూపిస్తే ఆడ సంతకాలు పెట్టినాం. మంజు అయితే "భార్గవన్న కోసం ఇంకో సీసా తీసుకోండి మేడమ్" అనింది.

ఇంతకంటే ఏం చేయమంటావు.

బాలకృష్ణయ్య

*

ప్రొద్దుటూరు,
17 జూన్ 2024

అక్కకు నమస్కారాలు.

మూడున్నర నెలలైంది నీ చేతిరాత చూసి. శుభవార్త కాబట్టి నేనే తగ్గి రాస్తాండా. యశ్వంత్‌కు మంజుశ్రీని అనుకున్నాం. పిల్లలిద్దరికీ ఇష్టమే. శ్రావణంలో, ఆగస్టు 22న పులివెందులలోనే పెళ్లి. బయటి పిల్లను తెచ్చుకుంటే దాని మనసేందో, వాళ్లింటి పద్ధతేందో మనకేం తెలుసు. మంజు అయితే కళ్ల ముందర పెరిగిన పిల్ల.

నువ్వు ఏమడుగుతావో నాకు తెలుసు. అందుకే ముందే చెప్తాండా. రక్తం పరీక్ష అయింది. తేడా ఏమీ లేదు. ఆ సంస్థ నుంచి సర్టిఫికెట్ వచ్చింది. అందరి పేర్లూ ఉండాయి, గుండ్రటి ముద్ర ఉండాది. అద్దం కట్టించి అంగట్లో తగిలించినా. కావాలంటే వచ్చి చూసుకో.

నువ్వు రావాల. పెద్దమ్మ లేకుండా తాళి కట్టించుకోనని మంజు మొండికేస్తాండాది.

బాలకృష్ణయ్య

*

జమ్మలమడుగు,
20 జూన్ 2024

తమ్ముడికి,

నీ ఉత్తరం సగం చదివి పక్కన పెట్టేశాను. మిగతా సగం చదివాక చాంద్ బాషాను పిలిచి అడిగాను. "ఉందమ్మా. ఇంగ్లీషులో ఉంది. బంగారు రంగు ముద్ర. చిన్నసారు పేరూ, ఆ పాప పేరూ ఉండాయి" అన్నాడు.

అయితే మంచిదే. పరీక్ష చేయించుకున్నాక చేసుకుంటున్నారు కాబట్టి నేను అడ్డం చెప్పను. నేను ఇన్నేళ్లుగా అరుస్తున్నది అదొక్కటే. నువ్వు గొంతెత్తి సభలో చెప్పలేకపోయినా, నీ ఇంట్లో చేసి చూపించావు. ఆ మేరకు నీకు నా మెచ్చుకోలు. జీవితంలో మొదటిసారి కాబట్టి ఈ కాగితాన్ని కూడా అద్దం కట్టించుకో.

పెళ్లికి మాత్రం రాను. మేనరికం తప్పని నలభై మంది ముందు మాట్లాడిన దాన్ని, అక్షింతలు పట్టుకుని ముందు వరసలో కూర్చోలేను. మంజుకు నా మీద కోపం వస్తుంది, రానీ. భార్గవ చివరి రెండేళ్లు ప్రతి సెలవుకూ వచ్చి వాడికి అన్నం కలిపి పెట్టిందీ, వాడి వేళ్లకు పెన్సిల్ కట్టి బొమ్మలు వేయించిందీ ఆ పిల్లే. నా దీవెన ఎప్పుడూ దానికి ఉంటుంది. దానికోసం నేను పందిట్లో కనపడనక్కరలేదు.

శకుంతలమ్మ

*

జమ్మలమడుగు,
9 డిసెంబర్ 2024

తమ్ముడు బాలకృష్ణయ్యకు,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పక్కన గిరాకీ ఎవరూ లేనప్పుడు చదువు.

నిన్న నాకొక మామూలు కవరు వచ్చింది. పైన పంపినవాళ్ల పేరేదీ లేదు కాబట్టి చించాను. ఆ పరిశోధన సంస్థలో కుటుంబాలతో మాట్లాడే ఆవిడ రాసింది. "మీకు మే నెలలో రిజిస్టర్డ్ పోస్టులో రాశాం. మీరు తీసుకోలేదని తిరిగి వచ్చింది. మీ కుటుంబం ఇచ్చిన రక్తంలో మీకు తెలియాల్సిన విషయం బయటపడింది. ఎవరికి ఏముందో వాళ్లు అడిగితే తప్ప మేము చెప్పకూడదు. పెద్దవాళ్లు సంతకం చేసి అడిగితే, మళ్లీ ఒకసారి పరీక్షించి చెప్తాం" అని.

వెంటనే ఫోన్ చేశాను. సర్టిఫికెట్ ఇచ్చారు కదమ్మా అన్నాను. ఆవిడకు కాసేపు అర్థం కాలేదు. తర్వాత, "అది రక్తం ఇచ్చినందుకు కృతజ్ఞతాపత్రమండీ, అందరికీ పంపుతాం" అంది.

మే నెల కవరు సంగతి. మార్చిలోనే పోస్ట్‌మన్ ఇలియాస్‌కు చెప్పిపెట్టాను, ఆ సంస్థ పేరున్నది ఏదొచ్చినా తీసుకోనని. మీ కచ్చేరి ఫోటోలు పంపుతారనుకున్నాను. అతను గుమ్మంలో నిలబడి, "రిజిస్టరు మేడమ్, ముఖ్యమైనదేమో, ఒక్కసారి చూడండి" అన్నాడు. నేను చూడలేదు. నా చేత్తోనే సంతకం పెట్టి తిప్పి పంపాను. అప్పటికి పెళ్లి మాట కూడా లేదు.

నీ సర్టిఫికెట్ కూడా నేను చదవలేదు. ఇక్కడి నుంచి ప్రొద్దుటూరుకు బస్సులో గంట కూడా పట్టదు. నీ అంగడి మెట్టు ఎక్కనన్న పంతానికి, ఇంగ్లీషులో పేర్లు మాత్రమే చదవగలిగే మనిషిని అడిగి, ముద్ర ఉందంటే నమ్మాను. ముప్పై ఏళ్లు పిల్లలకు చదవడం నేర్పినదాన్ని.

మంజుతో, యశ్వంత్‌తో వెంటనే సంతకాలు పెట్టించి పరీక్ష చేయించాలి. పిల్లల గురించి ఇంకేమీ అనుకోకముందే. వెంటనే.

శకుంతల

*

ప్రొద్దుటూరు,
11 డిసెంబర్ 2024

అక్కా,

మంజుకు మూడో నెల. పులివెందులలో వాళ్లమ్మ దగ్గర ఉండాది. నీకు చెప్పలేదు. పెళ్లికి రాలేదని దానికి కోపం, అది చెప్పొద్దనింది.

సర్టిఫికెట్ దించి యశ్వంత్ చేత చదివించినా. గోడ మీది పటమే కదా అని వాడూ ఇన్నాళ్లు చదవలేదంట. నువ్వు రాసిందే నిజం. నేను ఎట్లా మోసపోయినానో చెప్తా, నవ్వుకో. నా అంగట్లో నగలు హాల్‌మార్క్ సెంటరుకు పంపుతాను. బంగారంలో తేడా ఉంటే సాయంత్రానికి ఫోన్ చేస్తారు, సరుకు ఎనక్కి వస్తాది. తేడా లేకుంటే ఫోన్ రాదు, ముద్ర పడి వస్తాది. ఇరవై ఏళ్లుగా నాకు తెలిసిన పరీక్ష అదొక్కటే. రక్తమిచ్చినాం. ఫోన్ రాలేదు. ముద్ర వచ్చింది. ఇంకేం చూడాల?

ఇంకోటి కూడా ఉండాది. రక్తం తీసినప్పుడు డాక్టరమ్మ ఏదైనా చెప్పాల్సి వస్తే ఎవరికి రాయమంటారు అని అడిగింది. నీ అడ్రసు ఇచ్చినా. భార్గవ తల్లివి నువ్వు. చదివి అర్థం చేసుకునేదీ నువ్వే. ఫోన్ నంబరిస్తే ఆ అమ్మను తిడతావని ఇవ్వలేదు. పెళ్లి మాట అనుకునే ముందు నాకు ఒక్కటే అనిపించింది. రక్తంలో ఏదైనా ఉంటే మా అక్కకు రాసి ఉంటారు. మా అక్కకు తెలిసి ఉంటే ఊరుకునే మనిషా, జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు దాకా వినపడేది కదా అని. నువ్వు అరవలేదు. అంతా బాగుందనుకున్నా.

మంజుకు చెప్పొద్దు అక్కా. నీ కాళ్లు పట్టుకుంటా. నాగవేణి ఊయల చీర కూడా తీసి పెట్టుకుంది. దేవుడి దయవల్ల ఏమీ కాకపోవచ్చు కదా. నీకూ మామకూ ఉంటే మాకూ ఉండాలనేముంది.

బాలకృష్ణ

*

జమ్మలమడుగు,
12 డిసెంబర్ 2024

తమ్ముడూ,

చెప్తాను. తెల్లవారి మొదటి బస్సుకు పులివెందుల పోతున్నాను. ఇది చేరేసరికి నేను దాని ముందు కూర్చుని ఉంటాను. నాకు తెలియని రోజుల్లో భార్గవను కన్నాను. నాకు తెలిసి కూడా మంజు తెలియకుండా కనడం నేను చూడలేను. ఇన్నాళ్లూ నీ నోరు పెగల్లేదు, నా చెవి వినలేదు. ఇంకొక్క రోజు కూడా అట్లా గడపను.

నువ్వు వస్తే రా. రాకపోతే యశ్వంత్‌ను పంపు.

శకుంతల

*

ప్రొద్దుటూరు,
2 జనవరి 2025

అక్కా,

యశ్వంత్, మంజు సంతకాలు పెట్టి అడిగిన రిపోర్టు వచ్చింది. ఇద్దరికీ ఉండాది. మనకు బొమ్మ గీసి చూపించినట్లే వాళ్లకూ గీసి చూపించినారు. నలుగురు పుడితే ఒకరికి రావచ్చు, ఈ బిడ్డే ఆ ఒక్కరో కాదో ఇప్పుడే చెప్పలేం అన్నారు. ఇంకో రెండు వారాలకు కడుపులో నీళ్లు తీసి పరీక్ష చేస్తే తెలుస్తుందంట. ఆ తర్వాత ఉంచుకునేదీ తీసేసేదీ మీ ఇష్టం అన్నారు.

యశ్వంత్ అంగడికి రావడం మానుకున్నాడు. మేడ మీద గదిలో కూచుంటాండాడు. "నాయనా, నువ్వు చదివించుకోని ఒక కాగితం" అని ఒకసారి అన్నాడు.

మంజు పరీక్షకు రానంటాండాది. నాగవేణి ఏడ్చింది, నేను బతిమలాడినా. అది మమ్మల్నందరినీ చూసి అడిగిన మాట నీకు రాస్తాండా. "మామా, ఈ బిడ్డకు ఆ జబ్బుందని తేలితే తీసేయమంటారు. అంటే భార్గవన్న పుట్టకుండా ఉండాల్సిందని మీరందరూ అనుకుంటాండారా? పెద్దమ్మ కూడా అనుకుంటాందా?" అనింది.

నువ్వు ఎవరికైనా జవాబు చెప్పగలవు. దీనికి చెప్పు.

బాలకృష్ణ

*

జమ్మలమడుగు,
4 జనవరి 2025

తమ్ముడూ,

రెండు రోజులు కాగితం ముందు కూర్చున్నాను. మేనరికం మీద, ప్రభుత్వం మీద, మీ పాటకచ్చేరి మీద పేజీలు రాయగలను. మంజు అడిగిన దానికి ఒక్క వాక్యం రాలేదు.

భార్గవకు పదహారేళ్లప్పుడు, చేతులు కూడా లేవని రోజుల్లో, ఒక మధ్యాహ్నం వాణ్ని పక్కకు తిప్పి పడుకోబెడుతుంటే అడిగాడు. "అమ్మా, నేనిట్లా అవుతానని నీకు ముందే తెల్సా?" తెలీదు నాయనా అన్నాను. "అట్లయితే పర్వాలేదులేమ్మా" అన్నాడు. తర్వాత దిండు సర్దమన్నాడు. వాడు నన్ను క్షమించడానికి ఆ ఒక్క మాట చాలింది. నేను ఇన్నాళ్లూ బతకడానికీ అదే చాలింది.

రేపు మంజు బిడ్డ అదే అడిగితే మంజు ఏం చెప్పాలి? పెళ్లికి ముందే తెలిసి ఉంటే దాని చేతిలో ఒక నిర్ణయం ఉండేది. ఎప్పటికీ తెలియకపోయి ఉంటే నా మాదిరి చెప్పుకోవడానికి ఒక మాటైనా మిగిలేది. రెండూ లేకుండా చేశాం. చదవకుండా తగిలించి నువ్వు, చదవకుండా తిప్పి పంపి నేను.

పరీక్ష చేయించుకోమని నేను చెప్పను. వద్దనీ చెప్పను. భార్గవ పుట్టకుండా ఉండాల్సిందని పెద్దమ్మ ఒక్క పూట కూడా అనుకోలేదని చెప్పు. వాడు ఊపిరి అందక కొట్టుకున్న ఆఖరి పదకొండు రోజులూ మళ్లీ చూడగలదా అంటే, చూసే శక్తి లేదని కూడా చెప్పు. రెండూ నిజమే. ఏది ముందు చెప్పాలో నాకు తెలియదు.

అది రమ్మంటే వస్తాను. పిలవకుండా రాను.

శకుంతల